పదో కంపెనీ

"కంపెనీ రిపోర్టులో ఏముందో గుమాస్తా చూస్తాడు. ఏం లేదో మనం చూడాలి."

తెనాలి కాలేజీలో కామర్సు చెప్పే దశరథరామయ్య ఏటా మొదటి రోజు పాఠం ఈ మాటతోనే ఎత్తుకునేవాడు. కంపెనీలు ఏటేటా వేసే రిపోర్టుల్లో ఏం చెబుతున్నాయి, ఏం దాస్తున్నాయి అన్నదే ఆయన డాక్టరేటు పరిశోధన. చెప్పవలసిన సంగతులు నలభై అని తేల్చాడు. సంగతికో మార్కు. జిల్లాలో పది కంపెనీలు ఎంచుకుని, పిల్లల పేపర్లు దిద్దినట్టు దిద్దుకుంటూ వచ్చాడు.

తొమ్మిది అయిపోయాయి. బాపట్ల నూనె మిల్లువాళ్లయితే "చెదలు పట్టకముందే తీసుకుపోండి బాబూ" అని పదేళ్ల రిపోర్టులు గోనెసంచిలో కుక్కి రిక్షా ఎక్కించారు.

పదోది కొరకరాని కొయ్య అయింది. రేపల్లెలో నరసింహంగారి రైస్ మిల్లు. పేరుకు లిమిటెడ్ కంపెనీయే గానీ వాటాదార్లంతా చుట్టాలే. బయటివాడికి రిపోర్టు చూపించిన పాపాన పోలేదు.

అరవై ఏడులో దశరథరామయ్య మొదటిసారి వెళ్లినప్పుడు నరసింహం ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"కామర్సు మేష్టారు మా గుమ్మం తొక్కడమంటే మాటలా అండి! రిపోర్టుదేముంది, ముందు కాళ్లు కడుక్కోండి. నిజాంపట్నం రొయ్యలొచ్చాయి."

విస్తళ్లు వేశారు. ఒక పక్క నరసింహం, ఆయన బావమరిది బ్రహ్మానందం. ఇంకో పక్క పెదనాన్న హనుమయ్య. మధ్యలో మేష్టారు. తింటూనే వాళ్లు మిల్లు సంగతులు మాట్లాడుకున్నారు.

"కొత్త ఇంజను కొందామంటాడండి మా బ్రహ్మానందం. మీరేమంటారు?"

నోట్లో రొయ్య ఉండగా కాదనడం ఎవరి తరం?

"మంచిదేగా, కొనండి."

"మేష్టారూ సరేనన్నారు!" అని నరసింహం కేకేశాడు. గడప దగ్గర కూర్చున్న గుమాస్తా ప్రకాశరావు ఏదో రాసుకున్నాడు. చదువంటే ఈ ఇంట్లో ఎంత గౌరవం, అనుకున్నాడు దశరథరామయ్య.

చెయ్యి కడుక్కోగానే తాంబూలంతో పాటు ఓ లావుపాటి పుస్తకం వచ్చింది.

"పెద్దలొస్తే సంతకం పెట్టించుకోవడం మా ఇంటి ఆనవాయితీ అండి."

పెట్టాడు. ఆ తర్వాత పడకకుర్చీలో కునుకు. లేచేసరికి తెనాలి పాసింజరుకు టైమైంది.

"మరి రిపోర్టు..."

"అచ్చులో ఉందండి. మూణ్ణెల్లు పోయాక ఓసారి దయచెయ్యండి."

అలా మూణ్ణెల్లకోసారి వెళ్తూనే ఉన్నాడు. ఆయన మరిచిపోయినా వాళ్లు మరిచిపోరు. వారం ముందే కార్డు వచ్చేది. రొయ్యలయ్యాక పీతలు, పీతలయ్యాక నాటుకోడి. రిపోర్టు మాత్రం ఎప్పుడూ అచ్చులోనే.

"మీరు చేసేది పరిశోధనా, పెళ్లిభోజనమా?" అంది భార్య చంద్రకళ. "రేపల్లె వెళ్లొచ్చినప్పుడల్లా చొక్కా గుండీలు జరిపి కుట్టలేక చస్తున్నాను."

రెండేళ్లు నిండబోతుండగా యూనివర్సిటీ నుంచి ఉత్తరం దిగింది. ఈ నెలాఖరులోగా థీసిస్ అందకపోతే పేరు కొట్టేస్తారట. తొమ్మిదేళ్ల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే.

ఎనిమిదోసారి దశరథరామయ్య నరసింహం వరండాలోనే నిలబడిపోయాడు.

"రిపోర్టు చేతిలో పడితేగానీ విస్తరి ముందు కూర్చోను."

నరసింహం కంగారుగా ఎదురొచ్చాడు.

"అంత మాటనకండి! మీరు కూర్చోకపోతే ఎలాగండి? మొన్న కూడా మాకు అప్పిచ్చే బ్యాంకు ఏజెంటుగారు, మేష్టారు క్రమం తప్పకుండా వస్తున్నారా అని అడిగారు. మీలాంటి చదువుకున్నవారంటే ఆయనకు గురి."

లోపల్నుంచి హనుమయ్య కసిరాడు. "ఇచ్చెయ్యరా అబ్బాయ్! మేష్టారు పరాయివాడా ఏంటి? అవతల కూర చల్లారిపోతోంది."

ప్రకాశరావు ఇనప్పెట్టె తీశాడు. దశరథరామయ్య రిపోర్టు చంకలో పెట్టుకునే భోంచేశాడు, చంకలో పెట్టుకునే సంతకం చేశాడు. ఆ పూట కునుకు కూడా తియ్యలేదు.

ఇంటికొచ్చి చొక్కా అయినా విప్పకుండా ఎర్ర పెన్సిలు పట్టాడు. ఉన్నదే నాలుగు పేజీలు.

"అమ్మకాలెంతో లేదు! సరుకు ఏ ధరకు లెక్కగట్టారో లేదు! ఇంజను ఎవరి దగ్గర కొన్నారో లేదు! చంద్రకళా, నలభైకి మూడు! నా సర్వీసులో ఇంత మొద్దు పేపరు దిద్దలేదు."

"పోనీలెద్దురూ, కడుపునిండా పెట్టారుగా."

"పెడితే? వండినవాళ్లకు దణ్ణం పెడతాను, దీనికి ఊఁ కొట్టిన డైరెక్టర్లను మాత్రం వదలను. ఒక్కడైనా కళ్లు తెరిచి చూశాడా? వీళ్లకు సిగ్గుండాలి! థీసిస్‌లో పేర్లతో సహా ఎక్కిస్తాను."

"ఎవరండీ ఆ మహానుభావులు?"

"చూద్దాం," అని దశరథరామయ్య పెన్సిలు నాలికకు అద్ది పేజీ తిప్పాడు.

చివరి పేజీలో నరసింహం, బ్రహ్మానందం, హనుమయ్యల పేర్ల కింద, ఆ ఏడు జరిగిన డైరెక్టర్ల సమావేశాలు నాలుగింటికీ తప్పకుండా హాజరైన నాలుగో డైరెక్టరు పేరు అచ్చయి ఉంది: దశరథరామయ్య, ఎం.కాం., తెనాలి.