ఆశ్చర్యార్థకం

"పదిహేడు చోట్ల మారింది... నాలుగు చోట్ల మారింది..."

వెనక నుంచి మళ్ళీ మొదలైంది జోరీగ.

ప్రోగ్రామరమ్మాయి పళ్ళు నూరింది. ఆ ఆఫీసులో చేరి నెలయింది. మందుల పెట్టెల్లో మడిచి పెట్టే కాగితాలుంటాయే, ఏ వయసువాళ్ళకి ఎంత మోతాదో రాసి ఉంటుంది, అవి అక్కడ తయారవుతాయి. మోతాదు మార్చమని కబురొస్తే ఎడిటర్‌లో స్క్రిప్టు, అంటే కంప్యూటర్‌కి ముందే రాసిపెట్టిన ఆదేశాల వరుస, నడిపితే చాలు. పాత మాట వెతికి, కొత్త మాట పెట్టేస్తుంది.

పెట్టి ఊరుకుంటే గొడవే లేదు. చేసిన ప్రతి పనీ తెర అడుగున చెప్పుకుంటుంది. చెప్పి ఆగిపోతుంది. ఎంటర్ కొడితే గానీ కదలదు. రెండు వందల ఫైళ్ళంటే రెండు వందల సార్లు కొట్టాలి.

అది చాలదన్నట్టు, వెనక స్టూలు మీద కూర్చుని ఆ అడుగు వరుసను పైకి చదివే పెద్దాయన ఒకరు. ఆఫీసంతా కలిసి గొణుగుడు తాతగారని పేరు పెట్టారు.

"ఎవరండీ ఈయన?" అని మేనేజర్ని అడిగింది.

"ఏమోనమ్మా. నేను చేరేటప్పటికే ఉన్నారు. పాత ఓనరుగారి తాలూకేమో అనుకున్నాను. జీతం అడగరు, టీ కూడా తాగరు. ఉండనీ."

ఆ రోజు అమ్మాయి పంతం పట్టింది. స్క్రిప్టులో ప్రతి పనికీ ముందు 'సైలెంట్' అని తగిలించింది. దాని పక్కన ఒక ఆశ్చర్యార్థకం పెట్టి, నడిపింది. రెండు వందల ఫైళ్ళూ నోరు మెదపకుండా ఒక్క నిమిషంలో అయిపోయాయి.

తాతగారు స్టూలు ముందుకు జరుపుకున్నారు.

"గోల ఆపావు. మంచి పని చేశావమ్మా. పక్కన ఆ ఆశ్చర్యార్థకం దేనికి?"

"ఇంకస్సలు నోరెత్తకుండా."

"తీసెయ్యి తల్లీ. ఉత్త సైలెంట్ అంటే దాని కబుర్లే ఆగుతాయి. ఆ గుర్తు కూడా పెడితే దాని ఏడుపు సైతం వినపడదు. వెతికిన మాట దొరక్కపోయినా చెప్పకుండా ముందుకెళ్ళిపోతుంది."

ఆయన చెప్పింది నిజమే. అమ్మాయికీ తెలుసు. ఎదుటివాళ్ళ మాటలో తప్పు లేనప్పుడే మనకి ఎక్కువ ఒళ్ళు మండుతుంది.

"తాతగారూ, పొద్దుపోకపోతే ఏ పార్కులోనో కూర్చోవచ్చుగా! నా చెవులు చిల్లులు పడుతున్నాయి."

అన్నాక నాలుక కరుచుకుంది. అప్పటికే ఆయన లేచారు. స్టూలు గోడవారగా సర్ది, గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగారు.

"ఆ ఒక్క గుర్తూ తీసెయ్యమ్మా," అని వెళ్ళిపోయారు.

తీసేద్దామనే అనుకుంది. పనిలో పడి మరిచిపోయింది.

నాలుగో రోజు ప్రెస్ నుంచి మిషన్‌మ్యాన్ ఫోన్ చేశాడు.

"మేడమ్, మీ తాతగారు మిషన్ ఆపించేశారు! నాలుగు రోజుల్నుంచీ ఇక్కడే ఉంటున్నారు. మీ దగ్గర్నుంచి వచ్చిన ప్రతి కాగితం భూతద్దం పెట్టి చదువుతున్నారు. పోనీలే పెద్దాయన అని ఊరుకుంటే, ఇవాళ స్విచ్చి మీద చెయ్యేసి తియ్యనంటున్నారు."

"ఏ కాగితం?"

"పసిపిల్లల జ్వరం మందండీ. చుక్కల మందు."

ఫైలు తెరిచింది. 'పది చుక్కలు' కాస్తా 'రెండు చుక్కలు' కావాలి. కాలేదు. పాత కాగితంలో పదికీ చుక్కలకీ మధ్య ఎవరో పొరపాటున రెండుసార్లు స్పేస్ కొట్టారు. స్క్రిప్టు వెతికింది. దొరకలేదని చెప్పబోయింది. ఆ గుర్తు దాని నోరు నొక్కేసింది.

అమ్మాయి ఫోన్ మళ్ళీ చెవికి ఆనించింది.

"అచ్చయినవన్నీ చింపెయ్యండి. ఒక్కటి కూడా బయటికి పోకూడదు. తాతగారికి ఒకసారి ఫోనివ్వండి."

అవతల కాసేపు పిలుపులు వినిపించాయి.

"లేరండీ. మీరు చింపెయ్యమన్నారని చెప్పగానే స్విచ్చి వదిలేసి వెళ్ళిపోయారు. ఒంట్లో బాగాలేదట."

రెండు వందల ఫైళ్ళూ మొదట్నుంచి చదివి సరిచూసేసరికి వారం గడిచింది. గుర్తు తీసేసింది. ఆదివారం అడ్రసు కనుక్కుని, క్షమించమని అడగడానికి బయల్దేరింది. దారంతా ఏమని మొదలుపెట్టాలో తోచలేదు.

కోడలు తలుపు తీసింది.

"మామయ్యగారు మొన్న శుక్రవారం పోయారమ్మా. గుండెపోటు."

అమ్మాయి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఆశ్చర్యార్థకం పెట్టిన అమ్మాయివి నువ్వేనా?" అంది కోడలు. ఆ గొంతులో కోపం లేదు. "నీ గురించి చెప్పారు. తెలివైన పిల్ల, తీసేస్తుంది అన్నారు. లోపలికి రా."

"తీసేశానండీ. ఆయనకి ఇవన్నీ ఎలా తెలుసు?"

"ఆ స్క్రిప్టు రాసిందే ఆయన. ఇరవై ఏళ్ళ కిందట నీ కుర్చీలోనే కూర్చునేవారు. ఆ గోల భరించలేక ఆయనా ఒకసారి ఆ గుర్తు పెట్టారు. తరవాత తీసేసి, అడుగడుక్కీ ఆగి చెప్పడం దానికి నేర్పింది కూడా ఆయనే. ఉద్యోగం మానేశారు గానీ, రావడం మానలేదు."

అమ్మాయి చూపు గోడ మీది ఫోటో దగ్గర ఆగింది. బోసినవ్వుల పాప. ఏడెనిమిది నెలలుంటాయి. ఫోటో, దానికి వేసిన దండ రెండూ పాతబడి రంగు వెలిశాయి.

"మా పాప," అంది కోడలు. "మామయ్యగారి కాగితంలో ఎన్నుంటే అన్ని చుక్కలూ, జాగ్రత్తగా లెక్కపెట్టి పోశానమ్మా."