మైకు లేని ఫోను

మా రేడియో బావ పాత ఫోనుకి లైనక్సు సాఫ్ట్‌వేరు ఎక్కించడానికి కూర్చుంటే ఇల్లంటుకున్నా లేవడు. ఆ రాత్రికి మాత్రం గడువుంది. "ఇవాళ అది మాట్లాడకపోతే రేపు పాత సామాన్లవాడికి ఇచ్చేస్తా" అని అక్క తెగేసి చెప్పి పడకగదిలోకి వెళ్లింది.

మైకు ఇంకా అతకనేలేదు, పళ్లెంలోనే ఉంది. కనీసం స్పీకరు పలికినా గండం గడుస్తుందని కేకేశాడు. "ఏమేవ్, ఓసారి ఫోన్ చెయ్యి! నా మాట నీకు వినపడదు గానీ, నీ మాట నాకు వినపడుతుంది."

"నా మాట మీకు వినపడటమే! చూద్దాం ఆ వింత."

ఫోను మోగింది. బావ దాన్ని బల్ల మీదే ఉంచి, పచ్చ బొత్తం నొక్కాడు. వెంటనే తెర ఆరిపోయింది. చెవి ఆనిస్తే ఆరిపోయి, తీస్తే వెలిగేలా అందులో సెన్సరుంది. దుమ్ము పడిందేమోనని వంగి చూశాడు. దుమ్ము లేదు.

స్పీకర్లోంచి అక్క నవ్వింది. "అబ్బో, భేషుగ్గా వినపడుతోందండీ! మరీ అంత గుసగుసగా ఎందుకు?"

బావ అసలు నోరే విప్పలేదు.

"సరే, పనైపోయిందిగా. లైటార్పేసి వచ్చేయండి."

బల్ల మీద తెర వెలిగింది. బావ కుర్చీలోంచి కదల్లేదు.

తలుపు పక్కన స్విచ్చు టక్కుమంది.