అద్దాల గది

"ఆసుపత్రి ఆర్డరు కూడా పోయింది సార్," అంది టైపు చేసే అమ్మాయి, ఫోను చేత్తో మూసి. "సెలైన్ సీసాల కోసం పొద్దున్నుంచి ఎదురుచూస్తున్నారట. ఏం చెప్పమంటారు?"

మందుల హోల్‌సేల్ యజమానికి ఒళ్ళు మండిపోయింది. "బండి బయల్దేరిందని చెప్పు," అని విసురుగా అద్దాల గదిలోకి నడిచాడు.

లోపల ఆయన బావమరిది సర్వర్ ముందు బాసింపట్టు వేసుక్కూర్చుని, నోట్లో స్క్రూలు పెట్టుకుని దాని పక్క రేకు విప్పుతున్నాడు.

"మళ్ళీ పోయాయిరా."

"చూశాను బావా. నిన్న మధ్యాహ్నం ఎక్కిస్తున్న ఆర్డర్లే పోయాయి. అంతకు ముందువి భద్రంగా ఉన్నాయి."

"మధ్యాహ్నం దాకా దివ్యంగా ఉంది. ఆ మందుల కంపెనీ పెద్దాయనకి నేనే చూపించాను. నోరెళ్ళబెట్టాడు."

బావమరిది స్క్రూలు అరచేతిలోకి తీసుకున్నాడు. "ఎవరో దీన్ని పని మధ్యలో ఆపుతున్నారు బావా. తనంతట తాను ఇలా చెయ్యదు."

"ఎవరు ఆపుతారు? గదికి ఎదురుగా నా టేబులు. నన్ను దాటుకుని ఈగ కూడా లోపలికి రాలేదు. వచ్చేదీ పోయేదీ నువ్వొక్కడివే."

"నిన్న మధ్యాహ్నం నేను గోడౌన్‌లో ఉన్నాను. పెద్దవాళ్ళు వచ్చినప్పుడు ఆ మాసిన చొక్కాతో కనపడొద్దని పంపించింది మీరే కదా."

ఆ మాట యజమానికి పుల్లవిరుపుగా వినిపించింది. పాత సర్వర్ నత్తనడక నడుస్తోందని గోల పెట్టింది వీడే. కొత్త డిస్కు, కొత్త మెమరీ తెప్పించి, అన్నీ కొత్త పెట్టెలో బిగించిందీ వీడే. పాతది రేకు డబ్బాలా ఓ మూల పడి ఉండేది. కొత్తదానికి ముఖం నిండా వరుసగా రంగురంగుల దీపాలు. ఆర్డర్లు మాయమవడం మొదలైంది మాత్రం ఆ దీపాలు వెలిగాకే.

"అవతలి హోల్‌సేల్ వాళ్ళు నిన్ను రమ్మన్నారట?"

"రమ్మన్నారు. రానన్నాను. అక్కకి చెప్పాను కూడా."

"నాకు చెప్పలేదే?"

"చెప్పేంత విషయమా బావా అది?"

"ఎందుకు చెబుతావు? నా దగ్గర జీతం తీసుకుంటూ వాళ్ళ పని చేసిపెడుతుంటే ఎలా చెబుతావు?"

గది తలుపు తెరిచే ఉంది. బయట టకటకలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

బావమరిది రేకు తిరిగి పెట్టి, స్క్రూలు ఒక్కొక్కటీ బిగించాడు. మీదున్న దుమ్ము చొక్కా అంచుతో తుడిచాడు. గది తాళంచెవి తెచ్చి యజమాని టేబులు మీద పెట్టాడు.

"పాడుచెయ్యడానికేనా బావా, వారం రోజులు ఆ మిషన్ పక్కనే చాప వేసుకుని పడుకున్నాను?" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఇంట్లో యజమాని భార్య కంచంలో కూర వడ్డించింది కానీ మాట వడ్డించలేదు. కొన్నాళ్ళకి తనే నోరు విప్పింది.

"తమ్ముడు అవతలి వాళ్ళ దగ్గర చేరాడు. మీ అనుమానం నిజమైందిగా, ఇక నిశ్చింతగా తినండి."

ముద్ద దిగలేదు ఆయనకి. ఎందుకంటే, వాడు వెళ్ళాక కూడా ఆర్డర్లు మాయమయ్యాయి.

చివరికి ఒక ఇంజనీరమ్మని పిలిపించాడు. ఆవిడ రేకు విప్పి లోపలికి తొంగిచూసి, "ఎవరండీ దీన్ని బిగించింది? వైర్లు జడ అల్లినంత పొందిగ్గా ఉన్నాయి," అంది.

"ఉండేవాడులే, ఒకతను."

"అలాంటివాణ్ణి ఎలా వదులుకున్నారు?"

ఆయన కిటికీ వైపు చూశాడు.

అంతలో పెద్ద నర్సింగ్ హోమ్ డాక్టరు వచ్చాడు. యజమాని ముఖం విప్పారింది. ఎదురెళ్ళి, చెయ్యి పట్టుకుని మరీ అద్దాల గదిలోకి తీసుకొచ్చాడు. ఇంజనీరమ్మ చీర ఇస్త్రీ నలగలేదు కాబట్టి ఆవిణ్ణి బయటికి పంపే అవసరం రాలేదు.

"ఇదేనండీ మా సర్వర్."

"సర్వర్ అంటే కాఫీ తెస్తుందేమో అనుకున్నానయ్యా," అన్నాడు డాక్టరు.

"కాఫీ ఏం ఖర్మ, ఇది చూడండి." యజమాని వంగి, పెట్టె కింది భాగంలో ఉన్న చిన్న బొత్తాం నొక్కాడు.

దీపాలన్నీ ఆరిపోయాయి. మరుక్షణం ఎర్రది వెలిగింది, దాని పక్కన పసుపుపచ్చది, ఆ తర్వాత ఆకుపచ్చవి ఒక్కొక్కటీ, ఎవరో దీపాలు వెలిగించుకుంటూ నడిచి వెళ్తున్నట్టు.

డాక్టరు "భలే" అన్నాడు. బయటి నుంచి టైపు చేసే అమ్మాయి గొంతు వినిపించింది. "అయ్యో, మళ్ళీ బిగుసుకుపోయింది."

ఇంజనీరమ్మ స్క్రూడ్రైవరు కింద పెట్టింది. "సార్, వచ్చినవాళ్ళందరికీ ఇలాగే చూపిస్తారా?"

"అందరికీనమ్మా. ఊరికే చూపిస్తే పెట్టెలా ఉంటుంది. మొదటి రోజు మా బావమరిదే ఇలా నొక్కి చూపించాడు."

"ఆ రోజు ఇంకా ఎవరూ ఆర్డర్లు ఎక్కించడం లేదు కదండీ. ఇప్పుడు అది నొక్కితే మిషన్ ఉన్నపళాన ఆగి మళ్ళీ మొదలవుతుంది. అప్పుడు ఎక్కిస్తున్నవన్నీ గాలికి పోతాయి."

డాక్టరు ఎప్పుడు వెళ్ళాడో యజమానికి తెలియలేదు. టేబులు మీద తాళంచెవి ఆ రోజు బావమరిది పెట్టినచోటే ఉంది. ఫోను దగ్గరికి లాక్కుని, అవతలి హోల్‌సేల్ నంబరు తిప్పి, బావమరిదిని పిలవమన్నాడు.

"చెప్పండి," అన్నాడు వాడు. బావా అనలేదు.

"మిషన్ పాడుచేసినవాడు దొరికాడురా."

"ఎవరు?"

యజమాని తలెత్తాడు. ఆఫీసంతా పని ఆపి తనవైపే చూస్తోంది. ఆ రోజు వాణ్ణి అన్నంత గట్టిగానే, అందరికీ వినపడేలా చెప్పాడు.

"మీ అక్క మొగుడు."