రెండో గదిలో బామ్మ

"ఈ కోడిని లోపలికి ఎవరు వదిలారు?"

డాక్టరమ్మ అరుపుకి కోళ్ళ పరిశోధన కేంద్రం మొత్తం ఉలిక్కిపడింది. ఊడ్చే అక్క చీపురు పారేసి పరుగెత్తుకొచ్చింది. ఆమె వెనకే గేటు దగ్గర్నుంచి వాచ్‌మన్ బాబాయ్ కర్రతో సహా వచ్చాడు.

రెండో గదిలో రంపపు పొట్టు మీద ముసలి పెట్ట ఒకటి రెక్కలు పరుచుకుని హాయిగా నిద్రపోతోంది. దాని ఈకల్లోంచి పసుపుపచ్చ తలలు ఒక్కొక్కటే బయటికి పొడుచుకొచ్చి, డాక్టరమ్మని ఎగాదిగా చూసి, మళ్ళీ లోపలికి దూరిపోతున్నాయి.

"అయ్యో, మన బామ్మే!" అంది అక్క. ఆ పెట్టని అక్కడ అందరూ అలాగే పిలుస్తారు. దాని గూడు ఆ గదికి ఎదురుగా వరండాలో ఉంటుంది.

"మన బామ్మే! రెండేళ్ళ నా కష్టం మీద కూర్చుని కునుకు తీస్తోంది!" అంది డాక్టరమ్మ. "మెషీన్‌లో పొదిగిన పిల్లలక్కా ఇవి. తల్లి మొహం ఎరగవు. తల్లి నుంచి పేగుల్లోకి చేరాల్సిన మంచి సూక్ష్మజీవులు వీటికి అందవు. అవి లేకపోతే ఒంట్లో రోగాన్ని ఎదిరించే శక్తి సరిగ్గా ఎదగదు. అందుకే కదా, బామ్మ రెట్టలోంచి ఆ సూక్ష్మజీవుల్ని తీసి మందు చేసి, మొదటి గది పిల్లలకి నీళ్ళలో కలిపి పట్టింది! రెండో గదికి ఒట్టి నీళ్ళేనని, తేడా చూడాలని ఎన్నిసార్లు చెప్పాను? ఇప్పుడు బామ్మ సాక్షాత్తూ వచ్చి కూర్చుంటే ఇంక తేడా ఏముంటుంది?"

"నాకేం తెలీదమ్మా," అంది అక్క. "నేను ఊడ్చేసి వెళ్ళిపోతాను. కాకపోతే ఈ మూడు వారాలుగా ఇంతింత పిల్లలకి అంతంత రెట్టలేంటా అని మాత్రం అనుకున్నాను."

"మరి చెప్పలేదేం?"

"మీ మందు మహిమేమో అనుకున్నానమ్మా."

డాక్టరమ్మ నుదురు కొట్టుకుని వాచ్‌మన్ వైపు తిరిగింది. ఆయన అప్పటికే రెండడుగులు వెనక్కి వేశాడు.

"నా వంక చూడకండమ్మా. నాకు కోడంటేనే హడల్. చిన్నప్పుడు పిక్క మీద పొడిచింది. కావాలంటే మచ్చ చూపిస్తాను."

మచ్చ చూసే ఓపిక ఆమెకి లేదు. సాయంత్రం నాలుగింటికి పెద్ద సారు వస్తారు. ఈసారి కూడా కుదరకపోతే ఈ పరిశోధన ఆపేద్దామని ఆయన ముందే చెప్పేశారు. రెండు గదుల పిల్లలకీ ముందే టీకా వేశారు. అది ఏమాత్రం పనిచేసిందో చూడ్డానికి పొద్దున్నే రక్తం తీసేశారు, పరీక్ష నడుస్తోంది.

మూడున్నరకి ఫలితాల కాగితం చేతికొచ్చింది. డాక్టరమ్మ చదివింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది. మందు తాగిన మొదటి గది పిల్లలు ఫరవాలేదు. ఏ మందూ తాగని రెండో గది పిల్లల్లో మాత్రం టీకాకి పుట్టిన రక్షణ దానికి రెట్టింపు ఉంది!

బామ్మ సంగతి దాచేస్తే, ఒట్టి నీళ్ళే మందుకంటే గొప్పవని రాయాలి. చెబితే, ప్రయోగం పాడైందని ఒప్పుకోవాలి. సారు వచ్చి కుర్చీలో కూర్చునేదాకా ఆమె గదిలో పచార్లు చేస్తూనే ఉంది. ఆయన కూర్చోగానే కాగితం బల్ల మీద పెట్టి, గుక్క తిప్పుకోకుండా జరిగిందంతా చెప్పేసింది.

సారు కాగితం అందుకుని చదివారు. ఉన్నట్టుండి ఆయన బల్ల మీద దబ్బున ఒక్క చరుపు చరిచారు. టీ కప్పు ఎగిరిపడింది.

"పాడవడం ఏంటమ్మా, పంట పండింది! మనం నీళ్ళలో కలిపి ఇచ్చినదాని కంటే, పక్కన కూర్చుని కోడి ఇచ్చిందే ఎక్కువ పనిచేసిందన్నమాట. ఇకమీద ప్రయోగం ఇదే. పది గదులు, పది పెట్టలు! ఖర్చు సంగతి నేను చూసుకుంటా."

డాక్టరమ్మకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"ఇంతకీ ఆ పెట్టని లోపలికి వదిలిన మహానుభావులెవరు? మనం రాసే వ్యాసంలో మన పేర్ల పక్కన వాళ్ళ పేరూ ఉండాల్సిందే."

తలుపు దగ్గర నిలబడ్డ అక్క గొంతు సవరించుకుంది. "చెప్పుకుంటే బాగోదని ఊరుకున్నాను గానీ సారూ, ఆ పసివాటి ఏడుపు వినలేక నేనే..."

"ఆగు ఆగు!" వాచ్‌మన్ ముందుకొచ్చాడు. "ఈ రెండు చేతుల్తో ఎత్తుకెళ్ళింది నేను."

"బాబాయ్! నీకు కోడంటే హడలన్నావుగా?" అంది డాక్టరమ్మ.

"ఆ హడలు పోగొట్టుకుందామనేనమ్మా, రోజూ కాసేపు..."

ఇద్దరూ నువ్వా నేనా అని వాదులాటకి దిగారు. సారు పొట్ట పట్టుకుని నవ్వారు. "గొడవెందుకు? ఎలకలు ఎటునుంచి వస్తున్నాయో చూద్దామని వరండాలో కెమెరా పెట్టించాం కదా. అదే చెబుతుంది."

అక్క కొంగు సర్దుకుంది. వాచ్‌మన్ కర్ర వైపు చూస్తూ నిలబడ్డాడు. నలుగురూ కంప్యూటర్ చుట్టూ చేరారు.

తెర మీద, మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళి వరండా ఖాళీ కాగానే, బామ్మ తన గూటి గొళ్ళేన్ని ముక్కుతో పైకెత్తి, కిందికి దిగి, రెండో గది తలుపు అడుగున మేత ట్రేలు తోసే రబ్బరు పరదాని తలతో నెట్టుకుని, సొంతింట్లోకి వెళ్ళినట్టు లోపలికి వెళ్ళిపోయింది.