వరహాలమ్మ చదివిన చీటీ

చెవిమిషన్లు వచ్చాక అనకాపల్లిలో అక్షరాలతో ఎవరికీ పని లేకుండా పోయింది. ఏ కాగితం ముందుపెట్టినా ఆ మిషనే చెవిలో చదివి వినిపిస్తుంది; కంగారుపెట్టే మాటలుంటే మెత్తగా మార్చి మరీ చెబుతుంది.

చిన్నప్పటి నుంచీ అక్షరాలు కళ్ళముందు కలగాపులగమైపోయే వరహాలమ్మ మాత్రం, యాభై రెండేళ్ళ వయసులో, హెప్సిబా టీచరు ఎదుట తనొక్కతే కూర్చుని చదువు నేర్చుకుంటోంది. ఆసుపత్రిలో గొంతులో గొట్టంతో మాట పడిపోయిన భర్త సన్యాసిరావు రాసిచ్చిన ఆఖరి చీటీని తన కళ్ళతో చదువుకోవాలని ఆమె ఆశ. "నేను బాగున్నాను, ఇంటికెళ్ళు" అని ఆనాడు మిషను చదివితే, నమ్మి ఇంటికి వెళ్ళింది. గంటకే ఆయన పోయాడు.

ఎనిమిది నెలల పాఠాల తరువాత, మిషను తీసి పక్కనపెట్టి, చీటీమీద వేలుంచి కూడబలుక్కుంటూ చదివింది.

"భ... యం... గా... ఉం... ది. వె... ళ్ళ... కు."

"ఒక్క తప్పు లేదమ్మా!" అని చప్పట్లు కొట్టబోయిన టీచరు, ఆమె ముఖం చూసి ఆగిపోయింది.

"తప్పే సదివుంటాను మేడమ్. నా సంగతి మీకు తెలుసు కదా. ఇంకోపాలి సూస్తాను."

ఒక్కో అక్షరం మీదా వేలు ఆపుతూ మళ్ళీ మొదటినుంచీ చదివింది. రెండోసారీ అదే వచ్చింది.

చీటీని గుండెకు అదుముకుని, "ఎల్లిపోనానయ్యా! నువ్వొద్దన్నా ఎల్లిపోనాను!" అని ఘొల్లుమంది.