పారేసే కుప్ప

పెరట్లో అందరికీ బొంతలు కుట్టిపెట్టే కుట్టుపిట్ట ఇంట్లో గుడ్డముక్కలు గుట్టలా పేరుకున్నాయి. వాన మొదలయ్యే వేళకి ఉడుతమ్మ, కళ్లింకా తెరవని తన పిల్లలను ఎత్తుకొచ్చింది. "వదినా, చలికి వణికిపోతున్నారు. ఈ పూటకే బొంత కావాలి."

"ముందు ఈ గుట్ట సర్దాలి," అంటూ కాకిమామ పెత్తనానికి దిగాడు. మెరిసే ముక్కలన్నీ ఒక కుప్ప చేయించాడు, వెలిసినవన్నీ ఇంకో కుప్ప. "ఇది బొంతకి, అది పారేయడానికి," అని తీర్పిచ్చి చతికిలబడ్డాడు.

కుట్టుపిట్ట మెరిసే ముక్క ఒకటి పిల్లల మీద కప్పింది. గరుకు తగిలి అవి కీచుమన్నాయి. ఇంకోటి కప్పితే ఏడుపు ఇంకా పెరిగింది. కంటికింత బాగున్నది ఒంటికెందుకు పడటం లేదు? తెలుసుకోకపోతే కుట్టుపిట్టకి కాలు నిలవదు. అటూ ఇటూ వెతికిన చూపు కాకి దగ్గర ఆగింది.

"మామా, ఒకటడుగుతాను. ఇంత ఇంట్లో నువ్వు ఏరికోరి ఆ పారేసే కుప్ప మీదే కూర్చున్నావేం?"

"ఏళ్ల తరబడి వాడిన గుడ్డ కదే, మెత్తగా ఉంది," అనేసి కాకి నాలుక కరుచుకున్నాడు.

"అయితే లే మామా, పిల్లలకి చోటియ్యి," అని కుట్టుపిట్ట ముక్కున దారం అందుకుంది.