గోడలో నాత్సు

కురోసె కోటను కూల్చెయ్యమని దేశాన్నేలే షోగన్ నుంచి హుకుం వచ్చింది. ఒక్కో ప్రభువుకి ఒక్క కోటే ఉండాలట. ప్రభువు తన పెద్ద కోట ఉంచుకుని, కొండమీది ఈ చిన్నదాన్ని వదులుకున్నాడు. దీన్ని కట్టించిన రోజుల్లో ఎన్ని ప్రాణాలు తీశాడో ఆయనకు గుర్తుండి ఉండదు.

గెన్‌పాచికి గుర్తుంది. ఆ రాతిగోడలు పేర్చిన మేస్త్రీ అతనే.

అప్పట్లో వాన పడ్డప్పుడల్లా ఈశాన్యం మూల జారిపోయేది. అడుగున మనిషిని పెడితే తప్ప గోడ నిలవదని పూజారి చెప్పాడు. చీటీ గెన్‌పాచి కూతురు నాత్సుకి పడింది. దానికి అప్పుడు పదమూడేళ్లు. ఇది పాపమన్న ఒక వడ్రంగి ఇంటిల్లిపాది తలలూ కోట గుమ్మం ముందు వేలాడాయి. అది చూశాక గెన్‌పాచి నోరెత్తలేదు. పిల్లకు తెల్లబట్టలు కట్టి పెట్టెలో కూర్చోబెట్టారు. పెట్టెకు అడ్డంగా రాయి పేర్చింది కూడా తండ్రే. మేస్త్రీ కదా మరి. ఆ రాత్రి అతను గోడ దగ్గర్నించి ఇంటికి రాలేదు. ఆ చలికాలమే అతని భార్య మంచం పట్టి పోయింది. దిగులుతో పోయిందని ఊరంతా అనుకుంది.

గోడ మాత్రం ఇరవై ఏళ్లు చెక్కుచెదరలేదు.

ఇప్పుడు దాన్ని కూల్పించడానికి వచ్చిన అధికారి కురిహారా తొందరలో ఉన్నాడు. ఈశాన్యం మూలకి మోకులు కట్టి లాగించెయ్యమన్నాడు. గెన్‌పాచి అడ్డం వెళ్లి బురదలో బోర్లా పడ్డాడు.

“పిల్ల నలిగిపోతుంది దొరా. పైరాళ్లు దింపించండి చాలు. అడుగు రాయి నేను తీస్తాను, ఒక్కణ్నే. పేర్చిన చెయ్యే దాన్ని కదపాలి. అది మా రాతిపనివాళ్ల ఆచారం.”

“చచ్చిన పిల్ల ఇంకేం నలుగుతుందయ్యా,” అని విసుక్కున్నాడు కురిహారా. కానీ కూలీలు అప్పటికే గడ్డపారలు కింద పెట్టేశారు. మేస్త్రీ కదపకుండా ఆ రాయి జోలికి వెళితే చేతులు పడిపోతాయని వాళ్ల భయం. అధికారికి ఒప్పుకోక తప్పలేదు. అయితే ఎముకలు తనకు చూపించాలన్నాడు. రేపు ప్రభువుకి జవాబు చెప్పుకోవాల్సింది తనే.

పైరాళ్లు దిగాయి. పనిముట్ల బుట్ట వీపున వేసుకుని గెన్‌పాచి గోడ సందులోకి దూరాడు. బయట బౌద్ధ సన్యాసి మంత్రాలు చదువుతున్నాడు. లోపల రాయి కదిలిన చప్పుడైంది. తర్వాత చాలాసేపు ఏమీ వినపడలేదు. ఆడపిల్లలున్న కూలీలు కళ్లు ఒత్తుకున్నారు.

పెట్టె ఎప్పుడో పుచ్చిపోయిందట. ఎముకలు తెల్లగుడ్డలో మూటకట్టి తెచ్చాడు. కురిహారా ముడి విప్పించి, వంగి చూశాడు.

“పదమూడేళ్ల పిల్లన్నావు. ఎముకలు పెద్దవిగా ఉన్నాయే.”

గెన్‌పాచి తల ఎత్తలేదు. “వయసుకి మించి ఎదిగింది దొరా. అంతా వాళ్లమ్మ పోలిక.”

అధికారి ఇంకాసేపు చూశాడు. ఏమనుకున్నాడో, వెనక్కి జరిగి చేతులు జోడించాడు.

మూటను గుడి వెనక పూడ్చి, అందరూ దణ్ణం పెట్టారు. ఆ తర్వాత మోకులు బిగించి లాగితే ఆ మూల కాస్తా కుప్పకూలింది.

మర్నాడు పొద్దువాలే వేళ, రెండు కొండల అవతల బొగ్గులు కాల్చే పల్లెలో, గెన్‌పాచి కాళ్లకు నీళ్లిస్తూ నాత్సు అడిగింది, “అవి అమ్మ ఎముకలని ఎవరూ పసిగట్టలేదు కదా నాన్నా?”